కాగితం అడిగిన ఉద్యమం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రజా ఉద్యమాలు - ప్రభుత్వాలు" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఉద్యమమనగానే ఊరేగింపులు, రాస్తారోకోలు, లాఠీఛార్జీలు గుర్తుకొస్తాయి. నేను సర్వీసంతా గుమాస్తాగా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి. అందుచేత మన బీరువాలో ఉండే ఒక కాగితం కోసం జరిగిన ఉద్యమాన్ని ఎంచుకున్నాను. ఆ కాగితం పేరు మస్టర్ రోలు.

మస్టరు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పనికి వచ్చిన కూలీల పేర్లు, హాజరు, ఇచ్చిన కూలి, దానికెదురుగా సంతకమో వేలిముద్రో ఉంటాయి. పని కొలతలు ఎం.బుక్కులో ఉంటాయి. ఈ రెండూ సరిపోతే బిల్లు పాసవుతుంది. ఆడిటు పార్టీ వచ్చినా ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూస్తుంది. మస్టరులో పేరున్న మనిషి నిజంగా పలుగు పట్టాడా, కొలత రాసిన రోడ్డు ఊళ్ళో ఉందా అన్నది మాత్రం ఆ ఊరివాళ్ళకే తెలుసు. తెలిసినవాళ్ళకు కాగితం కనపడదు. కాగితం చూసేవాళ్ళకు ఊరు తెలియదు. అక్రమమంతా ఈ సందులోనే జరుగుతుంది.

ఈ సందును మొదట పట్టుకున్నది రాజస్థాన్‌లోని కరువు ప్రాంతపు కూలీలు. అరుణా రాయ్ 1968లో ఐ.ఎ.ఎస్.లో చేరి, 1975లో రాజీనామా చేశారు. ఆవిడ, నిఖిల్ దే, శంకర్ సింగ్ 1987లో దేవ్‌డూంగ్రీ అనే పల్లెలో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. 1990 మే 1న భీమ్ అనే ఊళ్ళో కూలీలతో, చిన్న రైతులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను స్థాపించారు. కరువు పనుల్లో కనీస వేతనం ఇవ్వడం లేదన్నది వారి మొదటి తగాదా. నిరాహారదీక్షలు కూడా చేశారు. అడిగిన ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: "మీరు చేసిన పని అంతే, రికార్డులో అంతే ఉంది." అయితే ఆ రికార్డు చూపించండి అంటే, "అది రహస్యం" అన్నారు. తన పేరు, తన వేలిముద్ర ఉన్న కాగితం కూలివాడికి రహస్యమట! 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడ మన ఆఫీసుల మీద ఎంత పొడుగ్గా పడిందో చూడండి.

అప్పుడు వారొక కొత్త పద్ధతి కనిపెట్టారు. దాని పేరు జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ. మొదటిది 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జరిగింది. ఎలాగో సంపాదించిన రికార్డును ఊరందరి ముందు పైకి చదివారు. ఫలానా పనిలో ఫలానా వ్యక్తికి ఇన్ని రోజుల కూలి ఇచ్చినట్లుందని చదివితే, ఆ మనిషే లేచి నేనా పనికి పోనేలేదన్నాడు. పూర్తయిందని రాసిన కట్టడం పూర్తి కాలేదని ఊరు సాక్ష్యమిచ్చింది. నినాదం కూడా చిన్నదే: "హమారా పైసా, హమారా హిసాబ్". మా సొమ్ముకు లెక్క మాకు చెప్పండి అని. చదువురాని కూలీలు కూడా వినగలిగిన ఆడిటు అది.

ఉద్యోగుల సమావేశం కనుక ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో పంచాయతీ రికార్డు ప్రజలకు చూపడానికి వీల్లేదని అక్కడి గ్రామసేవకులు సమ్మెకు దిగారు. వారి భయం నేను అర్థం చేసుకోగలను. పైవాడు రాయమన్నది కిందివాడు రాస్తాడు, దొరికినప్పుడు ఛార్జి మెమో కిందివాడికే వస్తుంది. కాని ఆలోచించండి. కాగితం నలుగురి ముందుకు వస్తుందని ముందే తెలిస్తే, తప్పు లెక్క రాయమనడానికి పైవాడు కూడా జంకుతాడు. "రేపు ఊళ్ళో చదువుతారు సార్" అన్న ఒక్క మాట నిజాయితీగల గుమాస్తాకు కొండంత అండ. చీకటి గదిలో ఆ అండ దొరకదు.

1995 ఏప్రిల్ 5న ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలో, పంచాయతీ పనుల కాగితాల నకళ్ళు రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చునని ప్రకటించారు. సంవత్సరం గడిచినా ఆ మాట ఆచరణలోకి రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో కూలీలు ధర్నాకు కూర్చున్నారు. అప్పుడొక ఉత్తర్వు వచ్చింది. కాగితం చూసుకోవచ్చు, చేత్తో రాసుకోవచ్చు, జిరాక్స్ మాత్రం ఇవ్వరు! చేత్తో రాసుకున్నదానికి విలువేమిటో మనకు తెలుసు. సర్టిఫైడ్ కాపీ కాకపోతే ఏ కోర్టూ ముట్టదు. ఆ కూలీలకూ తెలిసింది. లేవలేదు. ధర్నా నలభై రోజులు సాగింది. పల్లెలవాళ్ళు గింజలు తెచ్చి ఇచ్చారు, పట్టణంవాళ్ళు తోడు నిలిచారు.

1997లో జైపూర్‌లో మళ్ళీ 53 రోజుల ధర్నా జరిగింది. దాని ముగింపు వింటే మీరు నవ్వుతారు. నకళ్ళిచ్చే ఉత్తర్వు ఆరు నెలల క్రితమే, అంటే 1996 డిసెంబరులోనే గెజెట్‌లో వచ్చేసిందని ఉప ముఖ్యమంత్రి జూలైలో సెలవిచ్చారు. సమాచారం ఇస్తామన్న ఉత్తర్వే ఎవరికీ తెలియని సమాచారమైంది! గెజెట్లు ఏ మూల అటక మీద పడి ఉంటాయో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ మీదట కథ త్వరగా చెబుతాను. రాజస్థాన్‌లో 2000లో చట్టం వచ్చింది. కేంద్రంలో 2002లో చేసిన చట్టం అమలుకే రాలేదు. 2005లో చేసిన సమాచార హక్కు చట్టం ఆ సంవత్సరం అక్టోబరు 12 నుంచి అమలయింది. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా అధికారికి జరిమానా. అదే సంవత్సరం చేసిన ఉపాధి హామీ చట్టంలో గ్రామసభ ముందు సామాజిక తనిఖీ జరగాలని రాశారు. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఊళ్ళో మస్టరు చదివి వినిపించే ఆ తనిఖీని మన రాష్ట్రం పెద్ద ఎత్తున నడిపింది. కోట్ కిరానా పద్ధతి మన పల్లెలకు అలా చేరింది.

హక్కు తేలికగా రాలేదు, తేలికగా నిలవడమూ లేదు. గిర్ అడవుల చుట్టూ అక్రమ గనుల వివరాలడిగిన అమిత్ జెఠ్వాను 2010 జూలైలో అహ్మదాబాద్‌లో హైకోర్టు ఎదుట కాల్చి చంపారు. ఇక 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోనే ఉండేది. దాన్ని తీసేసి, వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కరలేదని పొట్టిగా రాశారు. 8(2)లో ప్రజాప్రయోజనం మాట ఇంకా మిగిలే ఉంది. అయినా ఇవ్వదలచుకోని ఆఫీసుకు మొదటి సాకు చాలు. మస్టర్ రోలంటేనే మనుషుల పేర్ల జాబితా కదా! పేర్లు కప్పేసి మస్టరు ఇస్తే, ఊళ్ళో లేచి "అది నేను కాదు" అనేదెవరు? దీన్ని గురించి మన సంఘం ఆలోచించాలి.

మనలో చాలామంది పెన్షను ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఈ చట్టాన్ని వాడుకున్నారు. మంచిదే. ఆ పది రూపాయల హక్కు వెనుక ఎండలో కూర్చున్న కూలీలున్నారని గుర్తుంచుకుందాం.

చివరగా నా మనవి ఒకటి. మన దగ్గర డబ్బు లేదు, ఒంట్లో ఓపిక తగ్గింది. కాని కాగితం చదవడం వచ్చు. ఏ రిజిస్టరు ఎక్కడుంటుందో, ఆర్.డిస్. ఏదో ఎల్.డిస్. ఏదో, ఏ కాలం ఖాళీగా ఉంటే ఏం అనుమానించాలో మనకు తెలిసినట్లు కలెక్టరుగారికి కూడా తెలియదు. వారానికి ఒక పూట సంఘం ఆఫీసులో ఇద్దరం కూర్చుందాం. వచ్చినవారికి దరఖాస్తు రాసిపెడదాం, వచ్చిన జవాబు చదివి చెబుదాం, జవాబు రాకపోతే అప్పీలు రాద్దాం. మొదటి బుధవారం నేను వస్తాను. రెండో కుర్చీకి ఎవరు వస్తారో ఈ సభ ముగిసేలోగా కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి.