అప్పు తీరినా ఇల్లు నిలవాలి



ఇంటి కోసం తీసుకున్న అప్పు తీరడానికి ఏళ్లు పడుతుంది. తుపానుకి ఇల్లు పోవడానికి ఒక్క రాత్రి చాలు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకి మట్టిగోడలు, తాటాకు కప్పులు కొట్టుకుపోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు రేకులు ఎగిరిపోయాయి.

తాటాకిల్లు చల్లన, ఖర్చు తక్కువ. కానీ గాలికి, నిప్పుకి ఆగదు. పెంకుటిల్లూ చల్లనే, పెద్దగాలికి పెంకులు లేస్తాయి. సిమెంటు రేకు చవక. చూరు కింద గాలి దూరిందంటే లేచి పగులుతుంది.

రేకులే వేసుకునేవాళ్లు దూలాలను గోడలకి ఇనుప పట్టీలతో కట్టించండి. రేకులను కొక్కెం బోల్టులతో బిగించండి. చూరు మరీ బయటికి వదలొద్దు.

శ్లాబు అన్నిటికన్నా గట్టిది. అయితే శ్లాబు వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. అది చువ్వలకి తుప్పు పట్టిస్తుంది, కొన్నేళ్లకే పెచ్చులూడతాయి. ఉప్పులేని ఏటి ఇసుక, మంచినీళ్లు వాడండి. చువ్వల కింద సిమెంటు బిళ్లలు పెట్టించండి. శ్లాబు మీద మడులు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపండి. ఆ నీళ్లు పట్టడం మన చేతిలో పనే.

పునాది మాత్రం ఊళ్లో పాత వరద ఎక్కడిదాకా వచ్చిందో పెద్దల్ని అడిగి, అంతకన్నా ఎత్తులో వేయించండి.

మేస్త్రీకి బయానా ఇచ్చేముందే ఇవన్నీ మాట్లాడుకోండి. ఒక్క మాట మరవకండి: ఖాళీ చేయమని హెచ్చరిక వస్తే, శ్లాబిల్లయినా సరే, పిల్లల్ని తీసుకుని తుపాను షెల్టరుకి వెళ్లాల్సిందే.