పచ్చిక మైదానంలో జంట ఎలుకలు



ఎలుక అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? బియ్యం సంచికి పడిన కన్నం, అమ్మ పెట్టిన కేక, నాన్న తెచ్చిన బోను. చెరకు తోటల పక్క ఊళ్ళలో ఉండే పిల్లలకైతే వేరే చెప్పనక్కరలేదు. ఎలుక అంటే మనకు గౌరవం లేదు. వినాయకుని వాహనం కనుక చవితినాడు మాత్రం కొంచెం ఉంటుంది.

ఈనాడు నేను చెప్పబోయేది మన దీవిలో లేని ఒక ఎలుక జాతి ప్రాణిని గురించి. దాని పేరు ప్రెయిరీ వోల్. ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికా నడుమ ఉన్న విశాలమైన పచ్చిక మైదానం. అక్కడ గడ్డి తింటూ, నేలలో బొరియ చేసుకొని ఈ వోల్ బ్రతుకుతుంది. పొట్టి తోక, చిన్న చెవులు, గోధుమ రంగు బొచ్చు. మీ గుప్పెట్లో ఇమిడిపోతుంది.

1970ల నాటి మాట. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో లోవెల్ గెట్జ్ అనే శాస్త్రజ్ఞుడు వోల్‌ల సంఖ్య ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని లెక్క చూస్తున్నారు. పొలాలలో బోనులు పెట్టడం, పడినవాటికి గుర్తు వేయడం, విడిచిపెట్టడం, ఇదే పని. తక్కిన వోల్ జాతులు సాధారణంగా బోనుకు ఒక్కటే పడేవి. ప్రెయిరీ వోల్‌లు మాత్రం తరచు రెండేసి పడేవి, ఒక మగ, ఒక ఆడ. కొన్నాళ్ళకు మళ్ళీ చూస్తే అదే మగ, అదే ఆడ! ఇదేమిటి చెప్మా అని ఆయన 12 జంటల మెడలకు చిన్న చిన్న రేడియో పట్టీలు కట్టారు. వాటికి కావలసిన బ్యాటరీలు ఎక్కడివి అనుకున్నారు? చెవులు సరిగా వినబడనివారు పెట్టుకొనే యంత్రంలోవి. ఆ రేడియోల జాడ పట్టి వెళితే, 12 జంటలలో 11 జంటలు ఒకే బొరియలో కాపురం ఉంటున్నాయి.

పాలిచ్చి పెంచే జంతువులలో ఇది అరుదు. చాలా జాతులలో తండ్రి పిల్లల ముఖమైనా చూడడు. మగ వోల్ మాత్రం గూడు కడుతుంది, పిల్లల మీద వెచ్చగా పడుకుంటుంది, వాటిని నాకి శుభ్రం చేస్తుంది. అన్ని మగవోల్‌లూ ఇంత బుద్ధిమంతులని అనుకోకండి. జత కట్టకుండా తిరిగేవీ ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. కొండలలో ఉండే వోల్ దీనికి దగ్గరి చుట్టమే. చూడడానికి తేడా అంతగా లేదు. కాని అది జంటగా ఉండదు. ఎందుకు?

మెదడులో ఆక్సిటోసిన్ అనే పదార్థం తయారవుతుంది. తల్లికి కాన్పు సమయంలోను, బిడ్డకు పాలిచ్చేటప్పుడు పాలు దిగడానికి ఇది తోడ్పడుతుంది. మనుషులలోను ఉన్నది. పదార్థం తాళంచెవి వంటిదనుకుంటే, అది పట్టే తాళాలు మెదడులో అక్కడక్కడ ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. 1992లో శాస్త్రజ్ఞులు ఈ రెండు వోల్‌ల మెదడులను పోల్చి చూశారు. తాళంచెవి ఒకటే, తాళాలున్న చోట్లు వేరు! ప్రెయిరీ వోల్‌లో, ఇష్టమైన తిండి దొరికినప్పుడు సంతోషం కలిగించే భాగంలో అవి దట్టంగా ఉన్నాయి. ఆడ వోల్ మెదడులోకి ఆక్సిటోసిన్ ఇస్తే త్వరగా జత కట్టింది. దాని పని అడ్డగిస్తే జత కట్టలేదు.

ఒకసారి ఈ సంగతి చెబుతూ ఉంటే, వెనుక బల్ల మీది అమ్మాయి లేచి, "అయితే మాష్టారూ, అది మందు పని గాని, మక్కువ కాదు గదా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

2016లో ప్రచురించిన ఒక ప్రయోగం చూడండి. కలిసి ఉంటున్న రెండు వోల్‌లలో ఒకదానిని వేరుచేసి, కొద్దిగా భయపెట్టి తిరిగి తెచ్చారు. రెండవది ఆ భయం చూడలేదు. అయినా దగ్గరకు వెళ్ళి చాలాసేపు నాకుతూ, దువ్వుతూ ఉన్నది. కొత్త వోల్‌ను తెచ్చి పెడితే అలా చేయలేదు. ఆక్సిటోసిన్‌ను అడ్డగించినప్పుడు తనవారికి కూడ చేయలేదు. చూశారా, మళ్ళీ అదే పదార్థం! అమ్మాయి మాటే గెలిచిందనుకున్నాను.

కాని 2023లో అమెరికా శాస్త్రజ్ఞులు దేవానంద్ మనోలి, నిరావ్ షా, వారి సహచరులు ఇంకొక సంగతి బయటపెట్టారు. వారు ఆక్సిటోసిన్ గ్రాహకం అసలు లేకుండానే పుట్టిన ప్రెయిరీ వోల్‌లను పెంచారు. తాళాలే లేవన్నమాట. ఇవి ఒంటరిగా తిరుగుతాయని చాలామంది అనుకున్నారు. అవి జత కట్టాయి. తోడు వోల్‌ను ఒక పక్క, కొత్త వోల్‌ను ఒక పక్క ఉంచితే, తోడు దగ్గరకే చేరి ఒదిగి కూర్చున్నాయి. తల్లులు పిల్లలను కని పాలు కూడ ఇచ్చాయి. అయితే మామూలు తల్లులు పెంచినంత మంది పిల్లలను పెంచలేకపోయాయి.

అనగా ఆ జంటను కలిపే దారి ఒక్కటి కాదు. పుట్టుక నుండి ఒక దారి మూసుకొనిపోతే, ఎదిగే మెదడు ఇంకొక దారి వెదుక్కొని ఉండవచ్చు. వాసోప్రెసిన్ అనే మరొక పదార్థం మీద ఇప్పటికే చాలా పరిశోధన జరిగింది, ముఖ్యంగా మగ వోల్‌లలో. ఆ అమ్మాయి ఇప్పుడు పై తరగతికి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఆమెకు చెప్పవలసి ఉన్నది.