వ్యాపార సాహసము – లాభనష్టములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పూర్తిచేసికొన్నది. ఇచ్చట చదువుకొనిన యువకులు పలువురు, “ఉద్యోగము దొరకనిచో స్వంతముగ నొక పరిశ్రమ పెట్టుకొనవచ్చునా?” అని యడుగుచున్నారు. పెట్టుకొనవచ్చును. కాని దానియందలి అపాయమును ముందుగా తూచి చూడవలెను.

మన కన్నులయెదుటి యుదాహరణమునే తీసికొందము. దేవనకొండ, పత్తికొండ, ఆస్పరి ప్రాంతములలో టమోటా విరివిగా పండును. కాయ యంతయు ఒక్కమారు మండీకి వచ్చిన యేట కిలో ఒక్క రూపాయికి పడిపోయి, రైతులు పంటను రోడ్డుపై పారబోసిన సందర్భములు కలవు. “ఇంత చౌకసరకును ఒరుగులుగా చేసి యమ్మిన లాభము కాదా?” అని యువకునకు తోచుట సహజము. అయితే టమోటాలో నూటికి 94 పాళ్ళు నీరే. 100 కిలోలు ఎండబెట్టిన మిగులునది ఆరేడు కిలోలు. ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ధర పెరిగిన నాడు రైతు పచ్చికాయనే యమ్ముకొనును గాని యంత్రశాలకు తేడు. అప్పుడు యంత్రము నిలిచిపోవును. అప్పుపై వడ్డి మాత్రము నిలువదు. పొరుగువాని నష్టముపై కట్టిన లాభము, అతని నష్టము తీరిన నాడే కూలును.

ఇట్టి చిక్కును మన పొరుగూరగు ఎమ్మిగనూరు ఒకప్పు డెట్లు ఎదుర్కొనెనో చూడుడు. ఒంటరి నేతగానికి నూలు ధర పెరిగినను నష్టమే, గుడ్డ ధర తగ్గినను నష్టమే. నూలు అప్పిచ్చిన సాహుకారే గుడ్డ కొన్నచో, రెండు ధరలును అతని చేతిలోనివే. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిరి. నూలు సమకూర్చుట, కూలి చెల్లించుట, గుడ్డ విక్రయించుట సంఘము పని యయ్యెను. 1954లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. అంతకు పూర్వము 1844లో ఇంగ్లండునందలి రాక్‌డేల్ పట్టణమున 28 మంది శ్రామికులు తలకొక పౌను కూర్చి యంగడి తెరచిన మార్గమును ఇదియే.

సంఘ మేర్పడినంతనే అపాయము తొలగదు. మరమగ్గముల పోటీ చేనేతను కుంగదీసినది. సహకార సంఘములకును ఆ దెబ్బ తప్పలేదు. అయినను పదిమంది మోయు బరువు ఒక్కని నడుము విరువదు.

కావున యువకులకు నా మనవి నాలుగు మాటలు. చిన్నదిగా మొదలిడి, మంచి ధరను చెడు ధరను రెంటిని చూచిన పిదప పెంచుడు. లెక్కలో మీ కూలిని, ఇంటివారి కూలిని తప్పక వ్రాయుడు. వానిని విడిచిన లెక్క లేని లాభమును చూపును. విత్తనముల సొమ్మును, నివసించు ఇంటిని పందె మొడ్డకుడు. సరకు నిచ్చు రైతునే భాగస్థుని చేసికొనుడు. ధర పెరిగిన నాడును అతడు మిమ్ము విడువడు.

ఇక ఫలమేమి? డబ్బు మాత్రమే కాదు. సుగ్గి వచ్చిన, మన పల్లెలలో ఇండ్లకు తాళములు పడును. తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకోతలకు పోవుదురు, వెంట పోయిన పిల్లలకు బడి తప్పును. ఒక్క పరిశ్రమ నిలిచి పది కుటుంబములను ఊరనే నిలుపగలిగినచో, ఆ పిల్లలు సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లలపై కూర్చుందురు. అంతకు మించిన లాభము నే నెరుగను.