కరపత్రమే సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచీ డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ విని విని మీరు అలసిపోయి ఉంటారు. అందుకే కాబోలు, కార్యదర్శిగారు నన్ను మన ప్రాంతపు పద్యనాటకాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నటుణ్ణి కాను, పండితుణ్ణీ కాను. బాపట్లలో గుమాస్తాగా చేరి, రేపల్లెలో చాలాకాలం పనిచేసి, తెనాలిలో రిటైరైనవాణ్ణి. ఈ మూడు ఊళ్లలోనూ నేల టిక్కెట్టు కొని తెల్లవార్లూ నాటకాలు చూసినవాణ్ణి. నా అర్హత అంతే.

స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం వేయబోతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం కట్టుకుని స్టేజీ ఎక్కిన కుర్రవాడు తరవాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామ అంటే ఆయనే అనిపించుకున్నారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ‘సత్యహరిశ్చంద్రీయం’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది బాపట్ల తాలూకా ఇటికంపాడు. ఆయన మొదట్లో కర్నూలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశారట. మనవాడే అన్నమాట! కాటిసీనులో మనం వన్స్ మోర్ కొట్టిన జాషువాగారి పద్యాలు మాత్రం ఆయన రాసినవి కావు. ‘శ్మశానవాటి’ అనే ఖండిక నుంచి నటులు తెచ్చి కలుపుకున్నవి. జనం వాటిని ఆ నాటకంలోవే అనుకునేటంతగా అతుక్కుపోయాయి.

తెనాలి సంగతి చెప్పనక్కరలేదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది అక్కడే. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ ఊరి పేరు నిలబెట్టినవారే. సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు నోట్లో వేలుపెట్టి ఈలతోనే పద్యం పాడుతుంటే నేను చిన్నతనంలో విన్నాను. రేపల్లెవారు కోప్పడకపోతే ఒక మాట. అక్కడి నుంచి అంత పెద్ద పేర్లు నేను చెప్పలేను గానీ, అంత గట్టి ప్రేక్షకులు మరోచోట లేరు. ధాన్యం ఇంటికి చేరాక నాటకం పడితే చాపలు, దుప్పట్లు పట్టుకుని సాయంత్రానికే పందిట్లో కూర్చునేవారు. శ్రుతి తప్పితే వెనకనుంచి కేక పడేది. ఆ కేక వేసినవాడికి చదువు వచ్చి ఉండాలని లేదు.

మా రోజుల్లో ఎక్కువగా నడిచినవి కాంట్రాక్టు నాటకాలు. పిల్లలకు తెలియదు కనుక చెబుతాను. నాటకం కంపెనీ అంటూ ఉండదు. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుణ్ణి, మరో ఊరి నుంచి అర్జునుణ్ణి మాట్లాడేవాడు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు. పీసపాటివారు, షణ్ముఖివారు ఒకే రాత్రి వస్తున్నారంటే ఇక చెప్పేదేముంది! రిహార్సలు లేదు. నటులు ఒకరినొకరు చూసుకునేది మేకప్ గదిలోనే. తిరుపతి వెంకట కవుల పద్యాలు అందరికీ కంఠస్థం కాబట్టి నాటకం నడిచిపోయేది.

నిజానికి నడిపించేది హార్మోనిస్టు. ఒకరిది నాలుగు శ్రుతి, ఇంకొకరిది ఐదున్నర. నటుడు నోరు తెరవకముందే ఆ శ్రుతి అందించాలి. రాగం ఎటు తిప్పుతాడో కనిపెట్టి వెంట వెళ్లాలి. ఊపిరి తీసుకునేచోట ఖాళీ కనపడకుండా మెట్లు నింపాలి. వన్స్ మోర్ పడితే అదే పద్యం మళ్లీ మొదటినుంచి. కృష్ణుడు తన సీను అయ్యాక దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. హార్మోనిస్టు మాత్రం తెర లేచింది మొదలు మంగళం దాకా కుర్చీ దిగడానికి లేదు.

ఇక అసలు విషయం. ఈ పద్ధతిలో ప్రతి రాత్రీ ఒక కొత్త ఉద్యోగం, తెల్లవారితే డిస్మిస్. యజమాని ఎవరు? కాంట్రాక్టరా, ఊరి కమిటీయా, టిక్కెట్టు కొన్న మనమా? పెన్షన్ దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుకనే ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నాం. ఆ తీర్పు వీళ్ల గడప తొక్కలేదు.

రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డు ఊళ్లో ఒక హార్మోనిస్టుగారున్నారు. ఎనభై దాటాయి. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. కేంద్ర సాంస్కృతిక శాఖవారి పథకం ఒకటుంది. అరవై దాటి, ఆదాయం బాగా తక్కువగా ఉన్న కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు ఇస్తారు. ఆయన కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళితే, “మీరు కళాకారులని రుజువేమిటి?” అన్నారట. ఆయన “పెట్టె తెచ్చి వాయించమంటారా?” అన్నారట. నవ్వకండి. ఆ సీటులో నేనున్నా రుజువు అడగవలసిందే. కాగితం లేనిదే ఫైలు కదలదని మనకు తెలియదా?

ఆ కాగితం మన ఇళ్లలో ఉంది. మైకు కట్టిన రిక్షాలోంచి విసిరిన గులాబీరంగు, పసుపురంగు కరపత్రాలు గుర్తున్నాయా? ఊరు, తేదీ, నాటకం, ఎవరే వేషమో, హార్మోనియం ఎవరో, అన్నీ అచ్చులో ఉండేవి. ఆ మనుషులకు అవే సర్వీసు రిజిస్టర్లు. వాళ్లు దాచుకోలేదు. ఒక రాత్రి బాపట్ల, మరునాడు పొన్నూరు, ఎక్కడ దాస్తారు? మనం దాచాం, అలమరల్లో పరచడానికో, పుస్తకాలకు అట్టలేయడానికో. బుర్రకథలవారి సంగతి ఇంకా కష్టం. పొన్నెకల్లు నాజర్‌గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కానీ కరపత్రంలో కథకుడి పేరే వేసేవారు, ఇరుపక్కలా నిలబడ్డ వంతల పేర్లు వేసేవారు కాదు. వారికి మనలాంటివాళ్లు చూశామని రాసి సంతకం పెడితేనే దారి.

కాబట్టి నా విన్నపం. ట్రంకుపెట్టెలు దించండి. దొరికినవి సంఘం ఆఫీసుకు పంపితే జెరాక్సు తీసి అసలు మీకే తిరిగి ఇస్తాం. దరఖాస్తులు నింపడం మనకు వెన్నతో పెట్టిన విద్య. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కనుక రెండు కలెక్టరేట్ల చుట్టూ తిరగడానికి ఇద్దరు కావాలి. ఒకణ్ణి నేను. కార్యదర్శిగారు రెండో పేరు రాసుకుంటారు.

మా ఇంట్లో నాలుగు దొరికాయి. 1968 నాటి ఒకదాని వెనక మా నాన్నగారు పాల లెక్క రాసుకున్నారు. ముందువైపు హార్మోనియం అన్నచోట ఆ పెద్దాయన పేరు స్పష్టంగా ఉంది. సెలవు.