కొత్త జీవవిద్య: మేలూ, ముప్పూ



ముసర వ్యాధి అంటే ఏమిటో మన పెద్దలనడగండి. జ్వరం, నోట్లో పుండ్లు, కంపుకొట్టే పారుడు. వారం పదిరోజులలో కొట్టం ఖాళీ. టీకాల పుణ్యమా అని 1995 తర్వాత అది మన దేశంలో కనిపించలేదు. 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. అయినా ఆ వైరస్ కొన్ని ప్రయోగశాలల సీసాలలో మిగిలింది. ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ సంస్థ 2019లో తన నిల్వలను నాశనం చేసింది. కాని ముందుగా ఆ వైరస్‌ల జన్యులిపిని చదివి భద్రపరచుకున్నది. లిపి వుంటే, కావలసినప్పుడు వైరస్‌ను మళ్లీ తయారు చేయవచ్చు!

ప్రాణుల లోపలి ఈ రాతను చదివి, మార్చి, కొత్తగా రాసే విద్యనే సింథటిక్ బయాలజీ అంటున్నారు.

దీనివల్ల మేలు వున్నది. ఒకప్పుడు మధుమేహానికి ఇన్సులిన్‌ను పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. 1982లో బాక్టీరియా చేత చేయించిన ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. 2020లో కరోనా వైరస్ లిపి తెలియగానే, దానినిబట్టే టీకా పని మొదలుపెట్టారు.

మరి ముప్పో? 2002లో అమెరికాలో శాస్త్రజ్ఞులు కొనితెచ్చుకున్న డి.ఎన్.ఎ. ముక్కలతో పోలియో వైరస్‌ను తయారు చేశారు. కెనడా శాస్త్రజ్ఞులు గుర్రపు మశూచి వైరస్‌ను అలాగే చేసి, 2018లో ఆ వివరాలు ప్రచురించారు. ఇది ఎవరుపడితే వారు చేయగల పని కాదు. అయినా నేర్చినవాడు దుర్మార్గుడైతే చేటే గదా!

అలాగని ఈ విద్యే వద్దనడం ఎలుకలున్నవని ఇల్లు తగలబెట్టుకోవడమే. కావలసింది కావలి. డి.ఎన్.ఎ. తయారుచేసి అమ్మే కొన్ని సంస్థలు 2009లో కూటమిగా ఏర్పడి, కొనేవాడెవరో, అడిగే ముక్క ఏ రోగానిదో పరిశీలించి అమ్ముతున్నవి. అమ్మేవారందరూ అందులో లేరు. చేనికి మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు వదిలేస్తే పశువు ఆగుతుందా? అందుకే ఈ పరిశీలన అందరికీ చట్టం కావాలి.

ఇక మన వంతు. రోగం అడవిలో పుట్టినా, సీసాలో పుట్టినా మొదట చూసేది రైతే. ఎన్నడూ చూడని జబ్బు కనిపించినా, ఒకేసారి నాలుగైదు పశువులు పడిపోయినా, వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. జబ్బు పశువును వేరుగా కట్టండి, సంతకు తోలకండి. చచ్చినదానిని డాక్టరు చూచిన తర్వాత, ఆయన చెప్పినట్లు లోతుగా పాతిపెట్టండి. గ్రామ కార్యకర్తలు తేదీ, పశువుల సంఖ్య, లక్షణాలు రాసి ఆ రోజే పైకి తెలపాలి. ఒక్కరోజు ఆలస్యం పదూళ్ల పశువులకు ముప్పు.