విత్తనముతోపాటు దాని పేరును నిలుపుకొందము

(యరగేరలో జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మనవి చేయదలచినది ఒక్కటే మాట. పాతపంటల విత్తనమును కాపాడుట ఎంత అవసరమో, ఆ విత్తనమును గూర్చి మన పెద్దలకు తెలిసినదానిని వ్రాసియుంచుటయు అంతే అవసరము. అవిసెను, నారపంటలగు జనుము, గోగులను ఇందుకు ఉదాహరణముగా తీసికొందును.

మొదట పేర్ల సంగతి చూడుడు. మనము అవిసెలనియు, కొందరు మదనగింజలనియు పిలుచు గింజకు సంస్కృతమున అతసి యని పేరు; కన్నడమున అగసె. కాని తమలపాకు తోటలలో తీగలు ప్రాకుటకు పెంచెడి పెద్ద చెట్టును గూడ తెలుగువారు అవిసె యనియే అందురు. కన్నడమునను ఈ రెండింటికి ఒకే పేరు. కావున కాగితముమీద ఒట్టి ‘అవిసె’ యని వ్రాసిన చాలదు. నీలిపూల పైరో, పెద్ద చెట్టో తెలుపవలెను.

గోగు సంగతియు ఇట్టిదే. ఒకచోట పుంటికూర, మరొకచోట గోంగూర, కన్నడమున పుండి. దీని నారకే ఆంగ్లేయ వర్తకులు ‘దక్కను హెంప్’ అని పేరిడిరి. భీమునిపట్నము రేవు పేరుమీదుగా ‘బిమ్లిపటం జూట్’ అనియు వ్యవహరించిరి. రేవు పేరు పుస్తకములకెక్కినది. ఊరి పేరు వంటయింట మిగిలినది.

ఒక ప్రాంతపు విత్తనమునకు అంత ప్రత్యేకత యేమున్నదని అడుగవచ్చును. బీహారునందలి పూసా పరిశోధనాలయమునుండి గేబ్రియల్ హోవర్డు, అబ్దుర్ రహమాన్ ఖాన్ గారలు 1924 లో భారతదేశపు అవిసె రకములపై గ్రంథము వెలువరించిరి. గంగామైదానపు ఒండలినేలలో పెరుగు రకముల వేళ్ళు పైపొరలోనే వ్యాపించును. దక్షిణాపథపు నల్లరేగడి రకముల వేళ్ళు లోతునకు దిగును, గింజ పెద్దది, పంట త్వరగా చేతికి వచ్చును. వానలు వెనుదిరిగిన పిమ్మట రేగడినేల పైనుండి ఎండుచు బీటలు వారును. తడి అడుగున మాత్రమే నిలుచును. ఆ తడిని వెదకికొని పోగల పైరే అక్కడ బ్రతుకును. అట్టి గుణము తరతరముల ఎంపికచే వచ్చినది. ఒకసారి పోయినచో ఒక సంవత్సరములో తిరిగి రాదు.

ఇంకొక ఉదాహరణము. అమెరికాలోని ఉత్తర డకోటాలో హెచ్. హెచ్. ఫ్లోర్ అను శాస్త్రజ్ఞుడు అవిసెకు వచ్చు కుంకుమతెగులును 1940 ప్రాంతములలో పరిశీలించెను. మొక్కయందలి ఒక్కొక్క నిరోధక జన్యువునకు తెగులు బూజునందు ఒక్కొక్క జన్యువు సరిజోడుగా నుండునని ఆయన నిరూపించెను. నేడు సస్యరోగశాస్త్రమునకు ఈ సిద్ధాంతము మూలస్తంభము. ఆయన ప్రయోగములలో వాడిన ప్రధాన వంగడములలో ఒకదాని పేరు ‘బొంబాయి’. ఆ పేరులో ఒక మహానగరము కలదు గాని, పండించిన పల్లె లేదు, నేల లేదు, రైతు లేడు. విత్తనము ప్రపంచమునకు ఉపకరించినది. దానిని కాపాడిన చేతుల జాడ ఆ పేరున నిలువలేదు.

రష్యాలో వావిలోవ్ అను మహనీయుడు దేశదేశముల విత్తనములను లెనిన్‌గ్రాడు నగరమున సమకూర్చెను. ఆయన 1943 లో సరాటోవ్ చెరసాలలో మరణించెను. 1941 మొదలు 1944 వరకు నగరము ముట్టడిలో నుండగా, ఆ సంస్థ ఉద్యోగులలో కొందరు ఆకలితో ప్రాణములు విడిచిరే గాని విత్తనముల మూటలను ముట్టలేదు. అవి ఏ సీమనుండి వచ్చినవో వ్రాసియుండుటచేతనే వాని విలువ ఎన్నలేనిది.

మన ప్రాంతమునకు వత్తము. కాలువనీరు వచ్చినచోట వరి వచ్చినది; మెట్టనేలలో ప్రత్తి విస్తరించినది; ప్లాస్టిక్ త్రాళ్ళు వచ్చి జనుపత్రాళ్ళను త్రోసివేసినవి. రైతు లాభము చూచుకొనుట తప్పు కాదు. అయినను ఒక గజముమడిలో పాతవిత్తనమును నిలుపుటకు ఎక్కువ ఖర్చు కాదు. అవిసె పూవు ఉదయమున విచ్చి మధ్యాహ్నమునకు రేకులు రాల్చును. చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక రకము చెడదు. జనుము అట్లు కాదు. పెద్ద తుమ్మెదలు పరాగము మోయవలెను. కావున దానిని వేరు రకమునకు దూరముగా వేసి, అనేక మొక్కలనుండి గింజ సేకరింపవలెను. గింజను బాగుగా ఆరబెట్టి గాలి చొరని పాత్రలో నుంచిన చిరకాలము మొలకశక్తి నిలుచును.

ప్రభుత్వ సాధనములును కలవు. 1976 లో ఢిల్లీలో నెలకొన్న జాతీయ సస్య జన్యువనరుల సంస్థ విత్తనములను సున్నకు దిగువన 18 డిగ్రీల చలిలో భద్రపరచుచున్నది. దాని ప్రాంతీయ కేంద్రము హైదరాబాదునందున్నది. 2001 నాటి చట్టము రైతు తన రకమును తన పేర నమోదు చేసికొను హక్కునిచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద గ్రామపంచాయతి నెలకొల్పు సమితి స్థానిక ప్రజలనడిగి ప్రజా జీవవైవిధ్య దస్తావేజును సిద్ధపరుపవలెను.

మన సంఘమునకు తగిన పని ఇక్కడనే యున్నది. దస్తావేజు కన్నడమున వ్రాయబడుట న్యాయమే. కాని తెలుగు ఇండ్లలోని పేర్లు మనము చెప్పనిదే అందులో చేరవు. ఏ కార్తెలో విత్తిరి, ఏ నేలలో, ఏ పంట సాళ్ళమధ్య; అవిసెలపొడి జొన్నరొట్టెకు ఎట్లు చేసిరి, జనుము ఎన్ని దినములు నీట నానవేసిరి; ఇవన్నియు మన అవ్వలకు, తాతలకు తెలియును. కాగితము అడుగువారు లేక ఆ మాటలు వారితోనే పోవుచున్నవి.

కావున ప్రతి ఇంటివారు వృద్ధులనడిగి, రకమునకొక్క పుట చొప్పున, తెలుగు పేరు, కన్నడ పేరు, పొలము, కాలము, ఉపయోగము వ్రాసి సంఘమునకు అందజేయుడు. పిడికెడు గింజ యున్న దానిని జతచేయుడు. ఒక ప్రతిని పంచాయతికి, ఒకటి రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చేర్చి, ఒకటి మనయొద్ద నుంచుకొందము. మన భాషను కాపాడుకొనుటయు, మన నేల విత్తును కాపాడుకొనుటయు ఈ యొక్క పనిలో కలిసియున్నవి.