రైతు ఖాతాలో రెండు వేలు

పుదుచ్చేరి ఒర్లియంపేటలో పొలాలెక్కడివి అంటారా? నిజమే. కానీ ఇక్కడ కాపురముంటూ బాహూరు వైపో, ఆంధ్రాలోని సొంతూళ్లోనో ఎకరమో అరెకరమో ఉన్నవాళ్లుంటారు కదా. ఈ మాట వాళ్ల కోసం.

రైతులకు కేంద్రం డబ్బు సాయం చేసే పీఎం కిసాన్ పథకం 2019లో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు, విడతకు 2,000. తెలంగాణ రైతుబంధు పథకం ఎకరాల లెక్కన ఇచ్చింది. పీఎం కిసాన్ అలా కాదు. ఎకరమైనా పదెకరాలైనా ఒకటే మొత్తం.

డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. చిక్కూ అక్కడే. ఆధార్‌తో కలిపిన ఖాతాలోనే పడుతుంది. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో పొడి అక్షరమే ఉందనుకోండి, విడత ఆగిపోవచ్చు. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఈ తంటా ఎక్కువే!

ఇక ఈకేవైసీ, అంటే ఆన్‌లైన్‌లో మీ గుర్తింపు నిర్ధారణ. ఫోనుకొచ్చే ఓటీపీతో అయిపోతుంది. లేదంటే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర. పెద్దవాళ్ల వేళ్లు అరిగి ముద్ర పడకపోతే, మొబైల్ యాప్‌లో ముఖం చూపించినా చాలు.

అందరికీ రాదు సుమండీ. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు రాదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న పొలానికి రాదు. తండ్రి పోయాక వారసత్వంగా వస్తే మాత్రం వస్తుంది. కౌలు రైతుకూ రాదు. చెమట అతనిది, డబ్బు పట్టాదారుది. నాకైతే ఇది సబబుగా తోచదు.

మళ్లీ చెబుతున్నా. ఆధార్ కలిపిన ఖాతా, అన్నిటా ఒకే పేరు, ఈకేవైసీ. ఈ మూడూ ఈ వారమే చూసుకోండి. ఈకేవైసీకి ఊరికి వెళ్లనక్కర్లేదు.